ఇద్దరు అధినేతలా, ఒక్కరా: శాన్ మరీనో, నౌరు

చుట్టూ ఇటలీయే ఉన్న శాన్ మరీనో విస్తీర్ణం 61 చదరపు కిలోమీటర్లు. దేశాధినేతలు మాత్రం ఇద్దరు! వాళ్లని కెప్టెన్స్ రీజెంట్ అంటారు. 60 మంది సభ్యుల కౌన్సిల్ ఎన్నుకుంటుంది, పదవి ఆరు నెలలే. ఏటా ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న కొత్త జంట గద్దెనెక్కుతుంది. 1243 నుంచీ ఇదే వరస. ఏ నిర్ణయమైనా ఇద్దరూ కలిసే తీసుకోవాలి. దిగిపోయాక పౌరులెవరైనా వాళ్ల పనితీరు మీద ఫిర్యాదు పెట్టుకోవచ్చు, ఇది నాకు భలే నచ్చింది. రోజువారీ పాలన మాత్రం కాంగ్రెస్ ఆఫ్ స్టేట్ అనే మంత్రివర్గానిది.

పసిఫిక్‌లోని నౌరు ఇంకా చిన్నది, 21 చదరపు కిలోమీటర్లు. ఇక్కడ అధ్యక్షుడే దేశాధినేత, ప్రభుత్వాధినేత కూడా. జనం నేరుగా ఎన్నుకోరు, పార్లమెంటే తన సభ్యుల్లోంచి ఎంచుకుంటుంది. మంత్రివర్గం అధ్యక్షుడితో కలిపి ఐదారుగురే. పేరుకి మూడేళ్ల గడువు, కానీ అవిశ్వాస తీర్మానం కత్తిలా వేలాడుతూనే ఉంటుంది. 2023 అక్టోబర్‌లో రస్ కున్ అలాగే దిగిపోయి డేవిడ్ అడియాంగ్ వచ్చారు.

2010లోనైతే సభలో ఉన్న 18 మందీ చెరిసగం చీలిపోయారు. రెండుసార్లు ఎన్నికలు పెట్టినా ముడి వీడక నెలల తరబడి ప్రతిష్టంభన. 2013 ఎన్నికలకి సీట్లని 19 చేశారు. అంత గొడవకీ మందు ఒక్క కుర్చీ!

నన్నడిగితే ఆరు నెలల జంటకే నా ఓటు. అసలు అధికారం మంత్రుల దగ్గరుంటే, అధినేతలు ఎంత తరచుగా మారినా పాలన కుదుపులకి లోనవదు.