మొగల్రాజపురం మేడ మీద కలకత్తా: 600 రూపాయలకి గిట్టుబాటే

మాది బెజవాడ వస్త్రలత బట్టల మార్కెట్లో చీరల హోల్‌సేల్. సరుకు కోసం కలకత్తా వెళ్లడం నాన్నగారి నాటి నుంచీ ఉన్నదే. కోరమాండల్ రైలు ఎక్కడం, హౌరా బ్రిడ్జి దాటి అక్కడి టోకు బజారు బడాబజార్ చేరడం, షాపుల్లో పరుపుల గద్దీల మీద కూర్చుని రేట్లు మాట్లాడుకోవడం, బేళ్లు ట్రాన్స్‌పోర్టులో వేయించి తిరుగు బండి పట్టుకోవడం. ఇన్నేళ్లలో నాకు తెలిసిన కలకత్తా అంతే: నాలుగు సందులు, ఒక లాడ్జి, ఒక భోజన హోటలు. అందుకే మొగల్రాజపురంలో ఒక ఫిలిం క్లబ్బు వాళ్లు కలకత్తా వీధుల్లో తీసిన నాలుగు సినిమాలు నాలుగు ఆదివారాలు వేస్తామని వాట్సాప్‌లో పెట్టగానే నాకూ మా ఆవిడకీ టికెట్లు తీసుకున్నాను. మనిషికి 600, నాలుగు వారాలకీ కలిపి. విడిగా అయితే వారానికి 200.

హాలు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. అరవై మంది దాకా పడతారు. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక కాగితం ఇస్తారు, దాని కోసమైనా ఈ కార్యక్రమానికి వెళ్లొచ్చు. ఒక వైపు చేత్తో గీసిన కలకత్తా మ్యాపు, ఆ వారం సినిమాలో కనిపించే చోట్లకి ఎర్ర ఇంకు చుక్కలు. రెండో వైపు కథ మొదలెక్కడో, పాత్రలెవరో తెలుగులో. నడిపే మేడమ్ గారు రిటైరైన లెక్చరర్. సినిమాకి ముందు పది నిమిషాలు మించి మాట్లాడరు. అయ్యాక మాత్రం ఎవరేం అడిగినా ఓపిగ్గా చెబుతారు.

మొదటి వారం బిమల్ రాయ్ 'దో బీఘా జమీన్', 1953 నాటిది. బాకీ 65 రూపాయలే కదా అని ఇంట్లో ఉన్నదంతా అమ్మి తెస్తే జమీందారు లెక్కలో అది 235 అయి కూర్చుంటుంది. ఆ డబ్బు కోసం రైతు కలకత్తా వచ్చి రిక్షా లాగుతాడు. బల్రాజ్ సహానీ ఈ వేషం కోసం ఆ వీధుల్లోనే రిక్షా లాగడం నేర్చుకున్నాడట. చూస్తే నమ్ముతాం. బాకీ పద్దు రాయడం, వడ్డీ కట్టడం మా వ్యాపారంలో రోజూ ఉండేవే, అందుకే ఆ 235 అంకె దగ్గర నా గుండె పట్టేసింది. రిక్షాలో కూర్చున్న మనిషి ఇంకా జోరుగా లాగమంటూ డబ్బు ఆశ పెట్టే సీను దగ్గర హాల్లో ఎవరూ కదల్లేదు. బడాబజార్‌లో చేతిరిక్షాలు నేనూ చూశాను. లాగేవాడి ఊరు ఏమిటి, ఇంటికి ఎంత పంపుతాడు అని ఎప్పుడూ అడగాలనిపించలేదు. ఈసారి వెళ్లినప్పుడు అడుగుతాను.

రెండో వారం సత్యజిత్ రాయ్ 'మహానగర్', 1963. టైటిల్స్ పడుతున్నంత సేపూ ట్రామ్ బండి నెత్తిన కరెంటు తీగెని ఒరుసుకుంటూ పోయే కర్ర ఒక్కటే కనిపిస్తుంది, అప్పుడప్పుడూ నిప్పురవ్వ ఎగురుతుంది. నగరం మొత్తం ఆ తీగె మీద నడుస్తున్నట్టు అనిపించింది. ఆ ఊళ్లో 1873లో గుర్రాలతో మొదలైన ట్రామ్‌లు 1902లో కరెంటుకి మారాయి. 2024లో అక్కడి ప్రభుత్వం ఎస్ప్లనేడ్-మైదాన్ ముక్క తప్ప మిగతావి ఆపేస్తామంది. ఇక ట్రామ్ చూడాలంటే ఇలాంటి సినిమాలే గతి అని మేడమ్ గారు అన్నప్పుడు నిజంగా బాధేసింది.

నిజానికి ఈ సినిమాలో వీధి తక్కువే, సగం పైన ఇంట్లోనే నడుస్తుంది. ఆ ఇల్లు స్టూడియోలో వేసిన సెట్టు. కానీ అత్తమామలు, ఆడపడుచు, పసివాడు అంతా సర్దుకునే ఆ ఇరుకు గదులు చూస్తే నగరంలో అద్దెకుండేవాళ్ల బతుకు తెలిసిపోతుంది. ఇల్లాలు ఆరతి అల్లిక మిషన్లు ఇంటింటికీ తిరిగి అమ్మే ఉద్యోగంలో చేరుతుంది. మొదటి జీతం అందుకుని ఆఫీసు అద్దం ముందు ఆ కొత్త నోట్లతో తనని తాను చూసుకుంటుంది. మాటల్లేవు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఏవండీ, షాపులో లెక్కలు నేను రాస్తున్నాగా, ఇన్నేళ్లలో నా చేతికి జీతమని ఎప్పుడన్నా ఇచ్చారా?" అంది. మర్నాటి నుంచీ ఆమె పేరున పద్దు రాస్తున్నాం.

మూడో వారం 'ప్రతిద్వంది', 1970. ఉద్యోగాల కోసం తిరిగే కుర్రాడి కథ. ఎండ, క్యూలు, కూర్చోడానికి చాలినన్ని కుర్చీలు కూడా వెయ్యని ఇంటర్వ్యూలు. వెనక వరసలో కూర్చున్న ఇంజనీరింగ్ పిల్లలు సినిమా అయ్యాక కూడా లేవలేదు. నాకు కొంచెం భారంగా అనిపించింది కానీ వాళ్లకి ఇది అన్నిటికన్నా నచ్చిందట.

నాలుగోది 'కహానీ', 2012. ఇక్కడ నేను కాస్త ఆగాలి. దసరా అంటే మాకు సీజను. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి ఉత్సవాలు, ఊళ్లోకి జనం, షాపుల్లో బేరాలు. దానికి ముందే కలకత్తా వెళ్లి సరుకు తెచ్చేసుకోవాలి, పండగ పది రోజులూ గల్లా వదిలి కదలకూడదు. అంచేత కలకత్తా దుర్గా పూజల్ని నేను ఒక్కసారీ చూడలేదు. తెల్ల నేత, ఎర్ర అంచు చీరలు ఎన్ని బేళ్లు దించానో లెక్క లేదు. అవి అక్కడి ఆడవాళ్లు కట్టుకుంటే ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. ఈ సినిమా ఆఖరి ఘట్టం విజయదశమి రాత్రిది. ఎర్ర అంచు తెల్ల చీరల్లో వందల మంది ఆడవాళ్లు, మొహాల నిండా సిందూరం. విద్యా బాలన్ కూడా అదే చీరలో వాళ్లలో కలిసిపోతుంది. కథ చెప్పను, చూడనివాళ్లుంటారు. అంచు వెడల్పు, గంజి పెట్టిన నేత బిరుసు, భుజం మీద కుచ్చు ఎలా నిలబడుతుందో తెర మీద చూస్తుంటే నా సరుకు నాకే కొత్తగా కనిపించింది. జనం గుమిగూడకుండా చాలా షాట్లు అక్కడి వీధుల్లో గుట్టుగా తీశారని మేడమ్ గారు చెప్పారు. అందుకేనేమో కాళీఘాట్ మెట్రో స్టేషన్ దగ్గర జనం నటిస్తున్నట్టే ఉండరు.

ఇక లోటుపాట్లు. సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులోనే ఉన్నాయి. తెలుగు కాగితం ఆదుకున్నా, మా వయసు వాళ్లకి మాటలు చాలా వరకు దాటిపోతాయి. బెంగాలీ సినిమాలకైనా తెలుగు అక్షరాలు వేయిస్తే బాగుంటుంది. రెండో వారం స్పీకరు ఒకటి గరగరలాడింది. ప్లాస్టిక్ కుర్చీల్లో రెండు గంటలు దాటితే నడుం పట్టేస్తుంది, దిండు తెచ్చుకోండి. స్కూటర్లకి చోటుంది, కారైతే ఆటోలో రావడమే నయం. టీ మాత్రం బాగుంది, అల్లం దట్టించి ఇస్తారు.

ఇంకొక్క మాట. 1998లో వచ్చిన 'చూడాలని వుంది' ఈ వరసలో ఉండాల్సింది. కొడుకు కోసం చిరంజీవి వెతుక్కుంటూ వెళ్లేది కలకత్తాకే. వేటూరి ఆ నగరం మీద రాసిన పాట మన బెజవాడలో పెళ్లి బ్యాండు వాళ్లకి కూడా వచ్చు. ఆ మాటే మేడమ్ గారితో అంటే రాసుకున్నారు. మన ఊరి సంగతి కూడా అడిగాను. సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులున్న గాంధీనగర్ మనది, కానీ సినిమాల్లో బెజవాడంటే బ్యారేజీ మీద ఒక షాటు, కొండ మీద గుడి ఒక షాటు. వన్‌టౌన్ సందుల్లో ముఠా కూలీలు, కాలవ గట్లు, రాత్రి పదింటికి బీసెంట్ రోడ్డు షట్టర్లు దించడం, ఇవన్నీ దగ్గరగా ఎవరు చూపిస్తారు?

తర్వాత బొంబాయి సినిమాలట. మాకు రెండు టికెట్లు చెప్పేశాను. ముందు వరసలు తొందరగా నిండుతున్నాయి, వెళ్లాలనుకునేవాళ్లు ఆలస్యం చెయ్యొద్దు.