గేమ్ కంటే ముందే సంగీతమా, తర్వాతా? ఏది మేలు?

గండికోట నేపథ్యంలో ఒక చిన్న జట్టు మొబైల్ గేమ్ చేస్తోందనుకుందాం. కోడింగ్ కడపలో, బొమ్మలు అనంతపురంలో. పాటలు ఇప్పుడే కట్టేద్దామా, లెవెళ్లు తయారయ్యాక చూద్దామా అన్న దగ్గరే పేచీ మొదలవుతుంది.

తాళానికి తగ్గట్టు నొక్కే రిథమ్ గేమైతే చర్చే అక్కర్లేదు, పాటే ముందు. 120 బీపీఎంలో, అంటే నిమిషానికి 120 బీట్ల వేగంలో, ఒక్కో బీట్ అరసెకను. అడ్డంకులన్నీ ఆ లెక్కమీదే పేరుస్తారు. తర్వాత టెంపో (వేగం) 126 చేస్తే ప్రతి అడ్డంకీ జరపాల్సిందే.

మిగతా గేముల్లో పాటను ముందే పూర్తిచేసి ఒకే ఫైలుగా ఇచ్చేయడం ప్రమాదం. 120 బీపీఎంలో, నాలుగు బీట్ల బార్లు 32 కడితే మళ్లీ మళ్లీ మోగే 64 సెకన్ల లూప్ వస్తుంది. మూడు నిమిషాల్లో దాటాల్సిన పెన్నా లోయ లెవెల్ ఎనిమిది నిమిషాలకు సాగితే, ఆటగాడు దాన్ని ఏడుసార్లకు పైగా వింటాడు. అప్పుడు ముందుగా విసుగు పుట్టించేది మీకు బాగా నచ్చిన ఆ ట్యూనే. పోనీ డప్పు తీసేద్దామంటే, కలిపేసిన ఫైల్లోంచి శుభ్రంగా రాదు.

చివర్లో చేస్తే కొలతలన్నీ తెలుస్తాయి, నిజమే. కానీ గడువు ఆలస్యమంతా సంగీతం నెత్తినే పడుతుంది. పైగా అన్ని నెలలూ తాత్కాలికంగా పెట్టుకున్న ఏదో సినిమా పాటకు జట్టు చెవులు అలవాటుపడి, కొత్త ట్యూన్ ఏదీ ఆనదు.

కాబట్టి ముందు ముడిసరుకు, తర్వాత కట్టుబడి (ముక్కలను పాటగా అమర్చడం). ఇదే మేలు. మొదట 8 బార్ల ట్యూన్ ఒకటి, ఒకే శృతి, నాలుగైదు వాద్యాలు ఖాయం చేసుకోండి. ఉరుములనే తోలు వాద్యం వాయించే బృందాన్నీ చెక్క భజన వాళ్లనూ రెండుసార్లు పిలిపించే డబ్బు చిన్న జట్టుకు ఉండదు. అందుకే ఒక్క రికార్డింగ్‌లోనే అన్నీ విడివిడిగా పట్టుకోవాలి: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, ఒక్కో వాద్యానికి ఒక్కో ట్రాక్. మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా ఒక్కో దెబ్బ ఐదారుసార్లు. అరనిమిషం గది నిశ్శబ్దం కూడా.

డప్పు దగ్గర జాగ్రత్త. కాచిన వెంటనే చర్మం బిగుతుగా ఉండి కంగుమంటుంది, చల్లారేకొద్దీ శృతి దిగుతుంది. మొదటి టేకుకు చివరి టేకు అతకనిది అందుకే. విడి దెబ్బలు ముందు తీసుకుని, శృతి దిగిందనిపించగానే మళ్లీ కాయించండి. క్లిక్ ట్రాక్ (తాళం చూపే టిక్ టిక్ శబ్దం) ఒక చెవికే ఇవ్వండి. దాంతో ఊపు చచ్చిపోతుంటే తీసేసి, వాళ్ల నడకలోనే వాయించనిచ్చి టెంపో తర్వాత గుర్తించుకోండి. చెక్క భజనలో వేగం మెల్లగా పెరగడమే అందం.

లెవెళ్లు ఉత్త పెట్టెల్లాంటి గోడలతోనైనా ఆడే దశకు రాగానే కట్టుబడి మొదలుపెట్టొచ్చు. నడకకు తంబుర, కోట లోపల చెక్కలు, శత్రువు దగ్గరపడితే డప్పు. ఈ వాద్యాల పొరలన్నిటికీ నిడివి, టెంపో ఒకటే ఉండేలా సర్దుకోవాలి. ఎఫ్‌మాడ్ అనే గేమ్ ఆడియో సాధనంలోనైనా, గేమ్ ఇంజిన్‌లోనైనా అన్నిటినీ ఒకేసారి మొదలుపెట్టి, అక్కర్లేనివాటి వాల్యూమ్ సున్నాలో ఉంచాలి. డప్పును అవసరమైనప్పుడే మొదలుపెడితే తాళం తప్పొచ్చు.

లూపులకు ఎంపీ3 వద్దు. ఎన్‌కోడర్ మొదట్లోనూ చివర్లోనూ కాస్త నిశ్శబ్దం చేర్చడంతో అతుకు దగ్గర తడబడుతుంది. ఆగ్ (.ogg) ఫార్మాట్ వాడండి. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియో వేవ్ ఫైలు నిమిషానికి దాదాపు 10.6 ఎంబీ అయితే, 128 కేబీపీఎస్ ఆగ్ ఒక ఎంబీ లోపే. రివర్బ్ తోక (చప్పుడు ఆగాక మిగిలే ప్రతిధ్వని) తెగకుండా లూప్‌ను రెండుసార్లు వాయించి రెండోదాన్ని కోసుకోవాలి.

చివరి మిక్స్ ఫోన్ స్పీకర్లో వినాల్సిందే. హెడ్‌ఫోన్లో గుండె అదరగొట్టిన ఉరుము అడుగుధ్వని అక్కడ దాదాపు మాయమవుతుంది. అదే వాద్యపు పై ధ్వనులను ఈక్వలైజర్‌తో కాస్త పెంచండి. చెక్కల గజ్జెలు, నాణేల చప్పుడు ఒకే ఎత్తులో పోట్లాడుకుంటే గజ్జెలనే తగ్గించండి. నాణెం చప్పుడు ఆటగాడికి సమాచారం.

ఇంకొకటి, రికార్డింగ్ రోజునే కళాకారులకు డబ్బు ముట్టజెప్పి, ఆ ముక్కలను కోసి, మార్చి గేమ్‌లో వాడుకుంటామని తెలుగులోనే రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోండి.