విప్పే చెయ్యి ఉంటేనే వాచీ: గేట్ బజార్ రిపేరు షాపు గురించి

నా సీకో వాచీ రోజుకి తొమ్మిది నిమిషాలు ముందుకు పరిగెడుతుంటే మొదట మా ఆసుపత్రి వార్డులో గోడగడియారాన్నే అనుమానించాను. అది ఎలాగూ ఆగుతూ నడిచే బాపతు. మూడో రోజు ఫోన్ పక్కన పెట్టి చూశాక గానీ తప్పు నా వాచీదేనని ఒప్పుకోలేదు. కొని రెండేళ్లు కూడా కాలేదు. కింద పడలేదు, తడవలేదు. ఒక పెద్ద షోరూమ్‌కి తీసుకెళ్తే కౌంటర్‌లో కుర్రాడు వెనక మూత కూడా విప్పకుండా "మిషను పోయింది మేడమ్, మొత్తం మార్చాలి, మూడున్నర వేలు" అన్నాడు. ఆలోచించి చెప్తానని బయటికొచ్చేశాను.

అక్కడి నుంచి ఆటోలో మా బరంపురం (ఒడిశా) గేట్ బజార్ వైపు సందులో ఉన్న ఈ షాపుకి వచ్చాను. షాపు అంటున్నాను గానీ, నిజానికి రెండు దుకాణాల మధ్య మిగిలిన జాగాకి తలుపు బిగించారంతే. బోర్డు మీద ఒడియా అక్షరాలు ఎండకి వెలిసిపోయి "వాచ్" ఒక్కటే మిగిలింది. పేరు అడక్కండి, నాకూ తెలీదు. లోపల కూర్చునే పెద్దాయన్ని అందరూ బాబాయ్ అంటారు, నేనూ అదే అంటాను. బరంపురం తెలుగే మాట్లాడతారు.

"ఏటైందమ్మా?"

"పరిగెడుతోంది బాబాయ్. రోజుకి తొమ్మిది నిమిషాలు."

ఆయన స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. సొరుగులోంచి చిన్న దిక్సూచి తీశారు, బడిపిల్లలు సైన్సు పాఠానికి వాడతారే, అలాంటిది. వాచీని మెల్లగా దాని దగ్గరికి జరిపితే ముల్లు వణికి పక్కకి తిరిగింది. నా చేతికున్న పాత హెచ్ఎంటీ జనతా వాచీ తీయించి పెడితే కదల్లేదు. "అయస్కాంతం ఎక్కిందమ్మా. డ్యూటీలో దీన్ని ఎక్కడ పెడతన్నావు?" అన్నారు. హ్యాండ్‌బ్యాగు చూపించాను. ఆయన బ్యాగు మూత ఎత్తి వదిలారు. బటన్ టక్‌మని దానంతటదే అతుక్కుంది. మళ్లీ ఎత్తి, మళ్లీ వదిలారు. టక్. ఇంక చెప్పాల్సిన పని లేకపోయింది.

నేను స్టాఫ్ నర్సుని. మా వార్డులో మణికట్టు ఖాళీగా ఉండాలి, చేతులు సరిగ్గా కడుక్కోవాలి కదా. డ్యూటీ ఎక్కగానే వాచీ తీసి బ్యాగు లోపలి జేబులో పడేసేదాన్ని. ఆ జేబు సరిగ్గా అయస్కాంతం బటన్ కింద! వాచీ గుండెకాయ అనదగ్గది వెంట్రుకంత సన్నటి స్ప్రింగ్. చుట్టలు చుట్టలుగా ఉంటుంది. అయస్కాంతం ఎక్కితే ఆ చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయి. అంటుకున్న మేర స్ప్రింగ్ పొట్టిదైనట్టే లెక్క. ఉయ్యాల తాళ్లు కురచ చేస్తే గబగబా ఊగినట్టు, ఆ స్ప్రింగ్ ఊపే చక్రం కూడా గబగబా ఊగుతుంది. బాబాయ్ ఒక నీలం పెట్టె మీద వాచీ పెట్టి, బటన్ నొక్కి పట్టుకుని, వాచీని నెమ్మదిగా పైకి దూరంగా తీశారు. పది సెకన్లు. ముప్పై రూపాయలు. వారం రోజులు చూసుకున్నాను, రోజుకి పదిహేను సెకన్లు ముందుకి పోతోంది. ఆ ధర వాచీకి అది మంచి లెక్కే.

మూడున్నర వేలకీ ముప్పైకీ మధ్య తేడా చూశాక ఈ షాపు గురించి రాయాలనిపించింది. రాయడానికి ఏడాదిన్నర ఆగాను. ఒక్కసారి బాగా చేసినంత మాత్రాన పొగడకూడదు.

నా పెట్టెలో ఇప్పుడు ఏడు వాచీలున్నాయి. పెద్ద ఖరీదువేమీ కావు, అన్నీ కలిపినా మా ఆయన బైక్‌లో మూడో వంతు రావు. (ఆయనకి ఈ లెక్క నచ్చదు.) నాకు మొదట కావాల్సింది సెకన్ల ముల్లు. సన్నగా, పొడుగ్గా, చివర నిమిషాల గీతలని తాకేలా ఉండాలి. నాడి చూసేటప్పుడు పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తాం, కొట్టుకోవడం సరిగ్గా లేకపోతే నిమిషం పూర్తిగా చూస్తాం. ఈ పనికి బ్యాటరీ వాచీయే హాయి, ముల్లు సెకనుకో అడుగు వేస్తుంది. జనతా గంటకి 18,000 సార్లు టిక్కుమంటుంది, అంటే సెకనుకి ఐదు. నా సీకో 5లో ఉన్న 7ఎస్26 అనే మిషను 21,600, సెకనుకి ఆరు. చూడ్డానికి ముల్లు జారిపోతున్నట్టు అందంగా ఉంటుంది, లెక్కకి మాత్రం కళ్లు చెదురుతాయి. అందుకే నైట్ డ్యూటీకి కాసియో ఎఫ్-91డబ్ల్యూ, అంకెలు చూపించే బ్యాటరీ వాచీ. 21 గ్రాములు, బ్యాటరీ ఏడేళ్లు అని కంపెనీ మాట. లైటు మాత్రం మిణుగురు పురుగే నయం. జేబులో పడేసి మర్చిపోవచ్చు, పోయినా ఏడవక్కర్లేదు.

లేడీస్ వాచీలంటే కంపెనీలకి ఎందుకో చిన్నచూపు. డయల్ చింతగింజంత, సెకన్ల ముల్లు అసలుండదు, చుట్టూ రాళ్లు. అందుకే నావి చాలావరకు మగవాళ్ల వాచీలే. జనతా 35 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, నా చేతికి సరిపోయింది. బెల్టు 18 మిల్లీమీటర్లు, బడబజార్‌లో ఏ దుకాణంలో అడిగినా దొరుకుతుంది. కొనేముందు బెల్టు వెడల్పు కొలిచి చూసుకోండి. వింత కొలతలు పెట్టే కంపెనీలున్నాయి, తర్వాత బెల్టు కోసం భువనేశ్వర్ తిరగాలి.

ఇంతకన్నా ముఖ్యమైంది ఒకటుంది, నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మనలాంటి ఊళ్లలో వాచీ ఎంచుకునే ముందు, పాడైతే దాన్ని ఎవరు విప్పుతారో చూసుకోవాలి. ఇంటర్నెట్‌లో చూసి మోజుపడి ఎక్కడివో తెప్పించుకుంటాం. అది ఆగిన రోజున కొరియర్ చేసి నెలల తరబడి ఎదురుచూడాలి. బాబాయ్ దగ్గర ఒక బిస్కెట్ డబ్బా ఉంది, నిండా చచ్చిపోయిన హెచ్ఎంటీలు. జనతా, కోహినూర్, పైలట్, పైకి వేరు వేరు ముఖాలైనా చాలావాటి లోపల మిషను ఒక్క కుటుంబానిదే. ఒకదాని ఇరుసు విరిగితే ఇంకోదాంట్లోంచి తీసి పెడతారు. 1961లో బెంగుళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో హెచ్ఎంటీ వాచీలు మొదలయ్యాయి, 2016లో కేంద్రం ఆ వాచీల కంపెనీని మూసేయాలని నిర్ణయించింది. కంపెనీ పోయినా ఈ డబ్బా ఉన్నంతకాలం నా జనతాకి భయం లేదు.

ఇక నేను మోసపోయిన సంగతి. ఆన్‌లైన్‌లో ఒకతను "పైలట్, వాడనిది, పాత స్టాకు" అని పెట్టాడు. ముచ్చటైన నల్ల డయల్. రెండు వేల రెండొందలకి తీసుకున్నాను. బాబాయ్‌కి చూపిస్తే ముందు ఏమీ అనలేదు, కంటి లెన్సు నా చేతికిచ్చారు. "నువ్వే సూడు. పన్నెండు కాడ నుంచి మొదలెట్టు." పన్నెండు దగ్గర నిమిషాల గీత అంకెకి సూటిగా ఉంది. రెండు దగ్గర కొంచెం జరిగింది. నాలుగుకి వచ్చేసరికి గీత ఒక దారిన, అంకె ఒక దారిన. పేరులో అక్షరాలు ఉబ్బి, అంచులు ముగ్గు చెదిరినట్టున్నాయి. విప్పితే డయల్ వెనక ఉండాల్సిన కాళ్లు (మిషనుకి బిగించే చిన్న పుల్లలు) లేవు, జిగురుతో అంటించేశారు. పాత డయల్‌ని గీకి మళ్లీ రంగేసి కొత్తదని అమ్మే సరుకది. మిషను మాత్రం అసలుదే, 17 జ్యువెల్స్ (ఇరుసులు అరగకుండా పెట్టే చిన్న రాళ్లు), కాస్త నూనె పోస్తే నడిచింది. "వెయ్యిలోపు అయితే తీసుకోవచ్చు" అన్నారు. నేనేం చేస్తాను, అప్పటికే ఇచ్చేశాను కదా! అప్పట్నుంచి ఫోటో పంపమన్నప్పుడు నాలుగు అంకె దగ్గరగా తీసి పంపమంటున్నాను. సగం మంది అమ్మేవాళ్లు అక్కడితో జవాబివ్వడం మానేస్తారు.

ఈ షాపు పనితనం అసలు తెలిసింది సుజాత దగ్గర. హెచ్ఎంటీ వాళ్ల ఆడవాళ్ల వాచీ, కీ ఇచ్చేది. ఇచ్ఛాపురంలో పాత సామాన్ల దుకాణంలో మూడొందల యాభైకి దొరికింది. మిషను ఎంత చిన్నదంటే ఇద్దరు మెకానిక్‌లు చూడకుండానే తిప్పి పంపేశారు. బాబాయ్ వెనక మూత తీసి, మూత లోపలి వైపు వెలుతురుకి పట్టి చూపించారు. సూదితో గీసిన గీతలు, కంటికి ఆనీ ఆననంత. లెన్సు పెడితే "14-8-79". దాని కింద వేరే చేతిరాతలో "3/86". ఇంకొకటి అరిగిపోయింది. సర్వీసు చేసిన ప్రతివాళ్లూ తేదీ అలా గీసి పెడతారట. డాక్టరు కేస్‌షీట్ లాగా అనిపించింది నాకు, అదీ రాత అర్థంకాని కేస్‌షీట్. "86 తరవాత దీని మొహం ఎవరూ సూడ్లేదు, నూనె ఎండి బంకైపోయింది" అన్నారు.

కొలిచే యంత్రం ఆయన దగ్గర ఉంది. వాచీ బిగిస్తే టిక్కు విని తెర మీద చుక్కల గీత గీస్తుంది. సర్వీసుకి ముందు రోజుకి 140 సెకన్లు వెనక, చక్రం ఊగే కోణం 180 డిగ్రీలు, గీత వర్షపు చినుకుల్లా చెల్లాచెదురు. మొత్తం విప్పి, కడిగి, నూనె పెట్టాక 12 సెకన్లు ముందు, 260 డిగ్రీలు. గీత దారం పట్టినట్టు తిన్నగా వచ్చింది. ఆరొందలు తీసుకున్నారు. మూత లోపల కొత్త తేదీ గీసి, నా చేత చదివించి మూసేశారు.

బ్యాటరీలు మార్చడం గురించి చెప్పేదేం లేదు, అందరిలాగే. కాకపోతే కొత్త బ్యాటరీ మీద కూడా తేదీ రాస్తారు, రబ్బరు రింగు అరిగితే చూపించి మారుస్తారు. మాది సముద్రం గాలి. చెమట, ఉప్పు, వానాకాలం తేమ. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక, నెల రోజులు తుప్పు పట్టిన వాచీలే వచ్చాయని చెప్తుంటారు. వాచీ వెనక 30 మీటర్లు అని ఉంటే ఈత కొట్టొచ్చని కాదు, చేతులు కడుక్కున్నప్పుడు నాలుగు చుక్కలు పడినా ఫర్వాలేదని. గ్లాసు లోపల ఆవిరి కనిపిస్తే బియ్యం డబ్బాలో పెట్టకుండా ఆ రోజే తెచ్చిచ్చేయమంటారు.

ఇక నాకు నచ్చనివి. చెప్పిన రోజుకి ఇచ్చిన పాపాన పోలేదు. సుజాత గురువారం అన్నారు, ఏ గురువారమో చెప్పలేదు. మూడోదానికి వచ్చింది. ఠాకురాణి యాత్ర (మా ఊరి అమ్మవారి జాతర) రోజుల్లో తలుపు తెరిచేదీ లేనిదీ ఆయన ఇష్టం. రసీదు ఉండదు, అగ్గిపెట్టె అట్ట మీద మీ పేరు రాసి వాచీకి రబ్బరు బ్యాండేస్తారు. నాకైతే ఒక్క వాచీ మారలేదు గానీ, తాతగారి వాచీ ఇచ్చేవాళ్లు ముందు ఫోటో తీసుకుని ఇవ్వండి.

అన్నిటికన్నా పెద్ద తప్పు జనతాది. సర్వీసుకిస్తే అడక్కుండా పైకేసుకి పాలిష్ కొట్టించేశారు. ఆ కేసు ఇత్తడి, పైన క్రోమ్ పూత. మూలల్లో పూత పోయి పసుపు బయటపడింది. మెరిపించి ఇస్తే సంతోషిస్తాననుకున్నారు, నిజానికి చాలామంది సంతోషిస్తారు కూడా. నేను మొహం మాడ్చేసరికి "అయ్యో, గీతలుంటే బాగోదని కదమ్మా" అన్నారు. డబ్బులు తీసుకోలేదు, కానీ పోయిన పూత రాదు కదా. వారం రోజులు ఆ షాపు వైపు వెళ్లలేదు. తర్వాత వెళ్లాను, ఎందుకంటే సీకో మళ్లీ పరిగెట్టింది. ఈసారి మా ఆడపడుచు ఇచ్చిన ఫోన్ కవరు, దానికీ అయస్కాంతమే. మళ్లీ ముప్పై.

మీరు వెళ్తే "పాలిష్ వద్దు, మార్చిన పాత పార్టులు నాకివ్వండి" అని ఇచ్చేటప్పుడే చెప్పండి. పదకొండున్నరకి ముందు తెరవరు, ఆదివారం ఉండరు. ఫోన్‌తో డబ్బు పంపే స్టిక్కర్ గోడకుంది గానీ అది ఎవరి అకౌంటుకి పోతుందో ఆయనకే తెలీదు, చిల్లర పట్టుకెళ్లండి. కూర్చోవడానికి ఒక్కటే స్టూలు, దాని మీద ఎప్పుడూ గోడగడియారం ఒకటి ఉంటుంది. దాన్ని మాత్రం జరపకండి, టెస్టింగ్‌లో ఉందని కోప్పడతారు.