సెకండ్ హ్యాండ్ టూటూ పిస్టల్: 4 ఏళ్లు, 11 వేల తూటాల తర్వాత

నా పిస్టల్ మొరాయించినప్పుడు పెద్ద హడావుడేమీ ఉండదు. పొడిగా ‘టిక్’ మంటుంది, అంతే. 25 మీటర్ల పోటీల్లో పాయింట్ టూటూ (0.22 అంగుళాల తూటా వాడే పిస్టల్) పట్టుకున్నవాళ్లకి ఆ టిక్కు ఎంత చేదో తెలుసు. ర్యాపిడ్ దశలో టార్గెట్ 3 సెకన్లు కనబడుతుంది, 7 సెకన్లు కనబడదు. ఆ 3 సెకన్లలోనే కిందికి దించి ఉంచిన చెయ్యి లేపి, గురి కుదుర్చుకుని, ఒక్క తూటా వదలాలి. అలా ఐదుసార్లు. మూడోసారి టిక్కుమందంటే ఇక మిగతా పోటీ అంతా వేలు ట్రిగ్గర్ మీద, మనసు తూటా కూర్చునే చాంబర్‌లో.

పిస్టల్ కొన్నది ఒకరు వాడి అమ్మేసినప్పుడు. కంపెనీ పేరు రాయడం లేదు. చివరికి తేలిన లోపాల్లో కంపెనీ చేసిన తప్పు దాదాపు ఏదీ లేదు కాబట్టి, ఊరికే దాని మీద మచ్చ వెయ్యడం ఎందుకని.

ముందు మంచి చెబుతాను. గురి విషయంలో దీనికి వంక పెట్టలేను. నెమ్మదిగా గురిచూసి కొట్టే ప్రెసిషన్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం అడ్డంగా 50 మిల్లీమీటర్లు. చేతులు సంచి మీద ఆనించి కొడితే ఐదుకి ఐదూ అందులోనే పడేవి. మొదటిరోజు ఆ కాగితం చూసుకునే మురిసిపోయాను. కానీ ఆనించి, తీరుబడిగా, ఒక్కొక్కటే కొట్టినప్పుడు ఏ పిస్టలైనా బుద్ధిగానే ఉంటుంది.

మొదటి నెలలో 500 తూటాలకి 23 సార్లు ఆగింది. ఆ లెక్క రాసుకోవడం మొదలుపెట్టాకే నాకు దారి కనబడింది, అంతకుముందు ‘అబ్బా, మళ్లీ జామ్’ అనుకుని, వెనక్కీ ముందుకీ జరిగే స్లైడ్ లాగెయ్యడమే. నోటు పుస్తకంలో ఆగిన ప్రతిసారీ ఏ మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా), అందులో ఎన్నో తూటా, ఎలా ఆగింది, ఈ మూడూ రాశాను. మ్యాగజైన్లు గుర్తుపట్టడానికి గోళ్లరంగుతో చుక్కలు పెట్టుకున్నా. రాస్తే తెలిసింది, జామ్ అనేది ఒక్కటి కాదని. 14 సార్లు టిక్కుమంది. మిగతావాటిలో కొన్ని తూటా సగమెక్కి ఆగడం, కొన్ని ఖాళీ కేస్ బయటికి పోకుండా స్లైడ్‌కి చిక్కి పొగగొట్టంలా నిలబడిపోవడం.

టిక్కులకి నేను మొదట తూటాలనే తిట్టాను. తిట్టడానికి కారణం ఉంది. టూటూ తూటాలో పేలే మందు మధ్యలో ఉండదు, వెనక అంచు చుట్టూ లోపలివైపు పట్టి ఉంటుంది. ఎక్కడైనా మందు పట్టకపోతే, ఫైరింగ్ పిన్ (తూటాని కొట్టే కడ్డీ) సరిగ్గా అక్కడే కొడితే తుస్సే. అలాంటి తూటాని కాస్త తిప్పి పెట్టి కొడితే పేలుతుంది. (టిక్కుమనగానే తెరవకూడదు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగాలి, ఆలస్యంగా పేలేవి ఉంటాయి.) నావేమో తిప్పకుండా, ఉన్నచోటే రెండోసారి కొట్టినా పేలేవి. రెండు పెట్టెలు మార్చాను, రకం మార్చాను, అదే వరస. మధ్యలో తెలివి ఎక్కువై ఒక పెట్టె హై వెలాసిటీ (ఎక్కువ వేగం) తూటాలు కూడా వాడి చూశాను. ఇలాంటి టార్గెట్ పిస్టళ్లు ధ్వని వేగం దాటని మామూలు తూటాలకి కట్టినవి, లోపలి భాగాలకి ఆ దెబ్బలు మంచివి కావు. రేంజ్‌లో తుపాకులు బాగుచేసే పెద్దాయన చూసి, “ఏమ్మా, పంటినొప్పికి తలకి కట్టు కడుతున్నావా?” అన్నారు.

ఆయన చేసింది చిన్న పరీక్ష. పిస్టల్ ఖాళీయేనని రెండుసార్లు చూసుకుని, స్లైడ్ వెనక్కి కట్టేసి, చెవిలో పెట్టుకునే దూదిపుల్ల ఒకటి తీసుకుని చాంబర్ అంచు చుట్టూ మెల్లగా తిప్పారు. గడియారంలో పన్నెండు ఉండేచోట దూది పట్టేసింది. పుల్ల లాగితే సన్నటి పోగు ఒకటి అక్కడే వేలాడుతోంది. భూతద్దంలో చూపించారు. అంచు మీద చిన్న గాటు, గాటు లోపలివైపుకి పొడుచుకొచ్చిన వెంట్రుకంత లోహం.

“దీన్ని ఖాళీగా ఎన్ని వేలసార్లు కొట్టారో అడిగావా, కొనేటప్పుడు?”

అడగలేదు. చాంబర్‌లో తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కితే టూటూలో ఫైరింగ్ పిన్ వెళ్లి చాంబర్ అంచుకే తగిలే ప్రమాదం ఉంది. తగిలినకొద్దీ లోహం లోపలికి నెట్టుకొస్తుంది. తూటా చివరి పిసరు దగ్గర ఆ గరుకుకి ఆగుతుంది. అప్పుడు పిన్ కొట్టిన దెబ్బలో బలమంతా తూటాని లోపలికి తొయ్యడానికే సరిపోతుంది. రెండో దెబ్బకి తూటా కుదురుగా కూర్చుని ఉంటుంది కాబట్టి పేలుతుంది. నా నోటు పుస్తకంలో సగం పేజీలకి జవాబు ఆ దూదిపోగే. లోపలికొచ్చిన లోహాన్ని మళ్లీ అంచులోకి నొక్కే సాధనం ఒకటుంటుంది, ఆయన పది నిమిషాల్లో పని కానిచ్చారు. ఆకురాయి మాత్రం పెట్టనివ్వలేదు, గీకిన లోహం తిరిగి రాదు కదా.

తర్వాతి 500కి టిక్కులు 14 నుంచి 5కి దిగాయి. సున్నా ఎందుకు కాలేదో పోటీరోజు తెలిసింది, అదీ నలుగురి ముందు. తనిఖీ బల్ల దగ్గర ట్రిగ్గర్‌కి కిలో బరువు తగిలించి పిస్టల్‌ని పైకి లేపుతారు. ఈ పోటీకి ట్రిగ్గర్ 1000 గ్రాములైనా మొయ్యాలి. నాది బరువు బల్ల మీంచి లేవకముందే ‘టక్’ మని విడిచిపెట్టేసింది. సిగ్గుతో ఇంటికొచ్చి విప్పిస్తే, ఫైరింగ్ పిన్ దెబ్బకి బలమిచ్చే హ్యామర్ స్ప్రింగ్ చివర చుట్టు ఒకటి కత్తిరించి ఉంది. ట్రిగ్గర్ మెత్తగా ఉంటుందని పాత యజమాని చేసిన ఘనకార్యం. నాకు నచ్చిందీ ఆ మెత్తదనమే, అది వేరే సంగతి! కొత్త స్ప్రింగ్ వేశాక ఖాళీ కేసులు పక్కపక్కన పెట్టి చూశాను. పాతవాటి మీద గుర్తు గోటితో నొక్కినట్టుంది, కొత్తవాటి మీద ఉలితో కొట్టినట్టు. ఆ తర్వాత టిక్కు వినడం ఎప్పుడో గానీ లేదు.

సగమెక్కి ఆగడం, పొగగొట్టాల విషయంలో అంత గట్టిగా చెప్పలేను, తప్పు నాదే. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం (ఖాళీ కేస్‌ని బయటికి లాగేది) కింద మసీ, తూటాల మైనమూ కలిసి నల్లటి ముద్దలా గడ్డకట్టింది. పుల్లతో పెకిలిస్తే రేకులుగా ఊడింది. స్లైడ్‌ని ముందుకి తోసే పాత రికాయిల్ స్ప్రింగ్ కొత్తదాని పక్కన పెడితే స్పష్టంగా పొట్టిగా ఉంది. ఒకరోజు ఒక్క మార్పే చెయ్యాలని తెలిసి కూడా, ఓపిక లేక రెండూ ఒకేరోజు మార్చేశాను. ఆగడం తగ్గింది. ఏది తగ్గించిందో ఇప్పటికీ తెలియదు. అన్నట్టు, నూనె ఎక్కువ పొయ్యకండి. నేను పోసి పోసి ఆ ముద్దకి నా వంతు సాయం చేశాను.

ఇప్పుడు ఇదే పిస్టల్ మళ్లీ కొంటావా అంటే కొంటాను. కాకపోతే జేబులో దూదిపుల్ల, సంచిలో కిలో బరువు పెట్టుకుని వెళ్తాను. అమ్మేవాడు ‘ట్రిగ్గర్ వెన్నలా ఉంటుంది’ అంటే, విప్పి చూపించమంటాను. కొన్నరోజే స్ప్రింగులన్నీ మార్చేస్తాను, ఎన్ని కొట్టారన్న లెక్క ఎవరూ నిజం చెప్పరు, చాలామందికి తెలియదు కూడా.

గడిచిన 2000 తూటాల్లో మొత్తం 6 సార్లు ఆగింది. అందులో 5 రెండు చుక్కల మ్యాగజైన్‌లోనే, అదీ మొదటి తూటాకే. తూటాని పట్టి ఉంచే దాని పెదవులు కాస్త విచ్చుకున్నట్టున్నాయి, శ్రావణంతో నొక్కుదామా అని చాలాసార్లు అనిపించింది. నొక్కలేదు. పోటీకి వెళ్లేరోజు దాన్ని ఇంట్లోనే వదిలేస్తున్నాను.