ఆర్వీ కొనేవాళ్ళకి జాగ్రత్త: "ఇన్వర్టర్ ఉంది, ఫ్రిడ్జ్ దారంతా నడుస్తుంది" అంటే నమ్మేయకండి

డల్లాస్ చుట్టుపక్కల పాత ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక తగిలించి లాగే, ఇల్లులాంటి ఆర్వీ) కొనే ఆలోచనలో ఉన్నవాళ్ళు ఇది చదివాకే డబ్బులు కట్టండి ప్లీజ్. మేం మేలో ఒక డీలర్ దగ్గర తీసుకున్నాం, పేరు రాయట్లేదు. "ఇన్వర్టర్ పెట్టించుకోండి, ఫ్రిడ్జ్ దారి పొడవునా కరెంటు మీదే నడుస్తుంది, గ్యాస్ ముట్టుకునే పనే లేదు" అన్నాడు. బండి కదులుతుంటే ప్రొపేన్ గ్యాస్ మంట వెలగడం అంటే నాకూ భయమే, ఇంకేం అడక్కుండా 1,100 డాలర్లు అదనంగా కట్టేశా.

జులైలో అమ్మానాన్న వచ్చారు, గ్రాండ్ కాన్యన్‌కి బయల్దేరాం. ఫ్రిడ్జ్‌లో పాప పాలు, మసాలా పట్టించిన చికెన్, ఇడ్లీ పిండి, అన్నిటికంటే ముఖ్యం అమ్మ ఇన్సులిన్ పెన్నులు. పొద్దున ఆరింటికి బయల్దేరి 287 హైవే మీద విచిటా ఫాల్స్ దాటి చిల్‌డ్రెస్‌లో భోజనానికి ఆగి తలుపు తీస్తే లోపల 58 డిగ్రీల ఫారెన్‌హీట్, ఇన్వర్టర్ ఎప్పుడో ఆగిపోయింది, బ్యాటరీ 10.6 వోల్టులు, అంటే దాదాపు ఖాళీ. ట్రైలర్ లోపల ఎండకి నిప్పుల కుంపటిలా ఉంది. అమ్మ "పర్లేదులే నాన్నా" అంటోంది గానీ ఇన్సులిన్ 86 దాటితే పాడయ్యే ప్రమాదం ఉందని తెలుసు కదా, నాకు చేతులు వణికాయి. ఐస్ కొని, పెన్నులు ఐస్‌కి తగలకుండా టవల్‌లో చుట్టి కూలర్‌లో పెట్టాం. పాలు, చికెన్ పారేశాం, 40 దాటి రెండు గంటలైతే తినకూడదు.

ఇంటికొచ్చాక ఎలక్ట్రికల్ పని తెలిసిన ఫ్రెండ్ మీటర్ పెట్టి చూశాడు. మాది అబ్జార్ప్షన్ ఫ్రిడ్జ్, అంటే అందులో కంప్రెసర్ ఉండదు, వేడితోనే చల్లబరుస్తుంది, ఆ వేడి గ్యాస్ మంట నుంచైనా రావాలి లేదా 325 వాట్ల హీటర్ నుంచైనా రావాలి, ఆ హీటర్ దాదాపు ఆగకుండా కాలుతూనే ఉంటుంది. ఇన్వర్టర్‌లో పోయేది కలిపితే బ్యాటరీ నుంచి 30 యాంప్స్ లాగుతుంది. డీలర్ ఇచ్చింది ఒక్క 100 యాంప్ అవర్ (100 యాంప్స్ ఒక గంట ఇచ్చేంత) లెడ్ యాసిడ్ బ్యాటరీ, పాడవకుండా వాడుకోగలిగేది అందులో సగమే, అంటే గంటన్నర పైన కాస్త! ట్రక్కు ఛార్జ్ చేస్తుందిగా అనుకున్నా, కానీ ట్రక్కుని ట్రైలర్‌కి కలిపే ఆ 7 పిన్ ప్లగ్‌లో వైరు సన్నం, పొడవెక్కువ, 10 యాంప్స్ రావడమే కష్టమట. పైగా ఇన్వర్టర్‌ని ట్రైలర్ మొత్తం కరెంటు ప్యానెల్‌కి కలిపేశారు, దాంతో బ్యాటరీ ఛార్జర్ కూడా ఇన్వర్టర్ మీదే నడుస్తోంది, బ్యాటరీ తన కరెంటుతో తననే ఛార్జ్ చేసుకుంటోంది. ఇది మాత్రం క్షమించరాని పని.

డీలర్‌ని అడిగితే "ఫ్రిడ్జ్ నడిచింది కదా" అన్నాడు. డబ్బు వెనక్కి రాలేదు.

కొనేముందు ఫ్రిడ్జ్ తలుపు తీసి లోపలి స్టిక్కర్ మీద వాట్లు చూడండి. ఇన్వర్టర్ మీద నడపాలంటే కంప్రెసర్ ఫ్రిడ్జ్ ఉండాలి, అదీ ప్యూర్ సైన్ (ఇంటి కరెంటులాంటి కరెంటే ఇచ్చే) ఇన్వర్టర్‌తో. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిడ్జ్ అయితే అసలు ఇన్వర్టరే అక్కర్లేదు, సైజుని బట్టి 5 నుంచి 10 యాంప్స్, అదీ మోటార్ తిరిగినప్పుడే. లిథియం బ్యాటరీ, ట్రక్కు నుంచి డీసీ డీసీ ఛార్జర్ (ట్రక్కు కరెంటుతో ట్రైలర్ బ్యాటరీని సరిగ్గా ఛార్జ్ చేసే పరికరం) ఉన్నాయో లేదో అడగండి, బిల్లు మీద రాయించుకోండి.

మేం ఇప్పుడు ముందురోజు రాత్రే ఇంటి కరెంటుకి పెట్టి బాగా చల్లబరిచి, దారిలో తలుపు తీయకుండా వెళ్తున్నాం, మందులు మాత్రం వేరే చిన్న కూలర్‌లో మా ట్రక్కులోనే. ఈ నెలలో ఇక్కడ ఎవరైనా డెలివరీ తీసుకుంటుంటే చెప్పండి, మీటర్ పట్టుకుని నేనొస్తా.