పార్కు పక్క గదా, పొయ్యి ఉన్న గదా: తొమ్మిది వేసవుల కారు ప్రయాణాల తర్వాత

ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో కాపురం పెట్టిన నాటి నుంచి ప్రతి వేసవిలోనూ రెండు మూడు సార్లు కారేసుకుని వినోద పార్కులకు బయలుదేరడం మా ఇంటి ఆనవాయితీ అయింది. ఉత్తరాన రెండు గంటల దూరంలో ఎరీ సరస్సు ఒడ్డున శాండస్కీలో సీడర్ పాయింట్, నైరుతిన గంటన్నర దూరంలో సిన్సినాటి దాపున మేసన్‌లో కింగ్స్ ఐలాండ్, తూర్పున మూడు గంటలు నడిపితే పిట్స్‌బర్గ్ దగ్గర కెనీవుడ్, ఇంకా ముందుకు పోతే హెర్షీ పార్కు, దానికి గంటకు కాస్త పైచిలుకు దూరంలో కనోబెల్స్ ఉన్నాయి. రోలర్ కోస్టర్ల గురించి రాసేవారు కావలసినంత మంది ఉన్నారు కనుక నేను వాటి జోలికి పోవడం లేదు. రాత్రి ఎక్కడ పడుకున్నాము, పగలు ఏం తిన్నాము అన్న రెండు విషయాలకే ఈ సమీక్షను పరిమితం చేస్తున్నాను.

ముందుగా మా ఇంటి తిండి తీరు చెప్పాలి, లేకపోతే నా తీర్పులు కొన్ని వింతగా తోచవచ్చు. నేనూ పిల్లలూ కోడిమాంసం తింటాము, నా భార్య గుడ్డు వరకు వస్తుంది, వేసవిలో తెనాలి నుంచి వచ్చే మా అమ్మ గుడ్డు తగిలిన కేకు కూడా ముట్టదు. "నాకింత పెరుగన్నం పడేస్తే చాలురా, మీరు తిరిగి రండి" అని ఆవిడ సులువుగానే అంటుంది గానీ, ఆ పెరుగన్నం ఇక్కడి జాతీయ రహదారి మీద ఎక్కడా దొరకదు. మొదటి రెండేళ్లూ మేము గదిని పార్కు గేటుకు ఎంత దగ్గరగా ఉందో చూసి ఎంచుకున్నాము. ఆ తర్వాతి ఏడేళ్లుగా గదిలో పొయ్యి ఉందా లేదా అన్నదే మొదట చూస్తున్నాము, దూరం సంగతి తర్వాత.

ఈ మార్పుకు కారణం ఒక మోటెల్. గేటుకు అయిదు నిమిషాల దూరమని, ఉదయం ఉపాహారం ఉచితమని చూసి తీసుకున్నాము. ఉపాహారమంటే రంగురంగుల తీపి గింజలు, రెండు రకాల రొట్టె, పిండి పోసుకుని కాల్చుకునే వాఫిల్ యంత్రం. వాఫిల్ పిండిలో గుడ్డు ఉంటుంది కాబట్టి అమ్మకు మిగిలింది అరటిపండు. రాత్రి పదకొండింటికి పార్కు నుంచి వచ్చి గదిలోని బుల్లి ఫ్రిజ్ తెరిస్తే, ఇంటి నుంచి తెచ్చిన పెరుగు గడ్డకట్టి మంచుముద్ద అయిపోయింది. ఆ రాత్రి ఆవిడ అటుకులు నీళ్లలో నానబెట్టుకుని ఆవకాయతో తిని పడుకుంది. ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆ తర్వాత మేము దీర్ఘకాలిక బసకు ఉద్దేశించిన హోటళ్ల వైపు మళ్లాము. రెసిడెన్స్ ఇన్, హోమ్‌వుడ్ సూట్స్, క్యాండిల్‌వుడ్ సూట్స్ వంటివి ఉద్యోగ నిమిత్తం వారాల తరబడి ఉండేవారి కోసం కట్టినవి కనుక గదిలోనే పొయ్యి, గిన్నెలు, సాధారణ పరిమాణపు ఫ్రిజ్, సింకు ఉంటాయి. హోమ్‌టూ సూట్స్‌లో మాత్రం పొయ్యి గదిలో బిగించి ఉండదు, కింద కౌంటరులో అడిగితే చేతికిచ్చే విద్యుత్ పొయ్యి తెచ్చుకోవాలి. ఆలస్యంగా చేరేవారు ఈ సంగతి ముందే ఫోన్ చేసి చెప్పుకోవడం మేలు. ఇలాంటి హోటళ్లకు పనిదినాల్లో గిరాకీ ఉద్యోగుల వల్ల, శని ఆదివారాల్లో గిరాకీ పార్కుల వల్ల వస్తుంది కాబట్టి, ఆదివారం రాత్రి దిగి సోమవారం పార్కుకు వెళ్లడం మాకు ప్రతిసారీ చవకగా కుదిరింది, పార్కులోనూ జనం పలచగా కనిపించారు. 2025 మే నెల నుంచి తప్పనిసరి రుసుములన్నీ కలిపిన ధరనే మొదట చూపాలని అమెరికా ఫెడరల్ నిబంధన వచ్చింది. అయితే ప్రభుత్వ పన్నులు దాని మీద విడిగా కలిసే వీలుంది కనుక చివరి బిల్లు ఎంతో చూడకుండా రెండు హోటళ్లను పోల్చకూడదు.

పొయ్యి ఉన్నంత మాత్రాన అంతా సవ్యంగా సాగిపోతుందని అనుకోవద్దు. మొదటిసారి అలాంటి గదిలో మా ఆవిడ పప్పులోకి తిరగమోత వేస్తుండగా ఎండుమిరపకాయల పొగకు నిప్పు హెచ్చరిక గంట మోగింది. నేను కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతూ ఉండగా కింద నుంచి మనిషి వచ్చాడు. మర్యాదగానే మాట్లాడి వెళ్లాడు గానీ ఆ ఘాటుకు ఆయన దగ్గిన తీరు పిల్లలు ఇప్పటికీ నటించి చూపిస్తుంటారు. ఆ గదుల్లో పొయ్యి మీదుండే గొట్టం చాలాచోట్ల పొగను బయటికి పంపదు, అక్కడే తిప్పి వదులుతుంది. అందుకని ఇప్పుడు పొగ వచ్చే పనులన్నీ ఇంట్లోనే ముగించుకుంటున్నాము. పులిహోర పులుసును ఇంగువ పోపుతో సహా చిక్కగా ఉడికించి సీసాలో పెట్టుకుంటే, గదిలో అన్నం వండి కలపడమే మిగులుతుంది. కందిపొడి, నెయ్యి, గోంగూర పచ్చడి, చిన్న విద్యుత్ కుక్కరు, ఒక సంచి సోనామసూరి బియ్యం మా డిక్కీలో శాశ్వత నివాసులు. పెరుగు చల్లగా ఉండటానికి ఐసు ముక్కల బదులు నీళ్ల సీసాలను గడ్డకట్టించి పెట్టెలో పేరుస్తాము. కరిగాక అవే తాగునీళ్లు, పెట్టెలో తడీ ఉండదు.

ఇక పార్కుల వారీగా చెప్పాలంటే, నా నియమానికి మినహాయింపు సీడర్ పాయింట్ ఒక్కటే. 1870 నుంచి నడుస్తున్న ఆ పార్కు సరస్సులోకి చొచ్చుకుపోయిన సన్నని నేల మీద ఉంది. 1905లో కట్టిన హోటల్ బ్రేకర్స్ దానిని ఆనుకునే ఇసుక తీరం మీద ఉంటుంది. అక్కడ బస చేసినవారిని అందరికంటే ముందుగా లోపలికి పంపుతారు కాబట్టి, స్టీల్ వెంజన్స్ వంటి పెద్ద రైడ్ల వరుసలో గంటల తరబడి నిలబడే అవస్థ చాలావరకు తప్పుతుంది. మధ్యాహ్నం ఎండకు అమ్మ గదికి నడిచి వచ్చి, సరస్సు గాలికి ఓ కునుకు తీసి, సాయంత్రం మళ్లీ రాగలిగింది. ఆ సుఖానికి డబ్బు ఎక్కువే అవుతుంది కనుక మేము రెండేళ్లకొకసారి, ఒక్క రాత్రికి మాత్రమే తీసుకుంటాము. మిగిలినప్పుడు 250వ నంబరు రహదారి మీద, మైలన్ రోడ్డు పొడవునా ఉన్న హోటళ్లలోనే దిగుతాము. శరదృతువులో హాలోవీన్ వేడుకల వారాంతాలకు మాత్రం అక్కడ కూడా ధరలు ఆకాశాన్నంటుతాయి.

పార్కులో తిండికి రోజంతా తినే పథకం ఒకటి అమ్ముతారు. ఒకసారి తిన్నాక తొంభై నిమిషాలు ఆగితేనే మళ్లీ ఇస్తారు. ఎదిగే వయసులో ఉన్న మా పెద్దవాడికి అది బాగా గిట్టుబాటయింది. శాకాహారులకు దొరికేవి చీజ్ పిజ్జా, బంగాళాదుంప వేపుళ్లు, కొన్నిచోట్ల కూరగాయల బర్గరు మాత్రమే కాబట్టి వారికి అది దండగ. సీడర్ పాయింట్‌లో అప్పటికప్పుడు తరిగి వేయించి ఇచ్చే బంగాళాదుంపల మీద వెనిగర్ చల్లుకోవడం అక్కడి అలవాటు. మేము జేబులోని కారప్పొడి చల్లుకుంటాము. ఏ దుకాణంలోనైనా ఏ నూనెలో వేయించారో అడగడం అవసరం, ఎందుకంటే ఈ దేశంలో పశువుల కొవ్వులో వేయించేవారూ ఉన్నారు. అంతెందుకు, మెక్‌డొనాల్డ్స్ వారు అమెరికాలో అమ్మే బంగాళాదుంప వేపుళ్ల పదార్థాల జాబితాలోనే గొడ్డుమాంసపు రుచిద్రవ్యం ఉంటుంది. ఇది తెలియక మా అమ్మ చేత ఒక వేసవంతా అవి తినిపించాను. ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు.

కింగ్స్ ఐలాండ్‌కు వెళ్లేవారికి తిండి బెంగ అక్కర్లేదు. మేసన్, వెస్ట్ చెస్టర్ ప్రాంతాల్లో మనవాళ్లు చాలామంది స్థిరపడ్డారు కనుక దోసె, ఇడ్లీ గేటుకు కొద్ది నిమిషాల దూరంలోనే దొరుకుతాయి. ఫెయిర్‌ఫీల్డ్‌లోని జంగిల్ జిమ్స్ అనే బ్రహ్మాండమైన అంగడిలో దేశాల వారీగా వరుసలు తీర్చి సరుకులు పెడతారు. వానపడి పార్కు మూసిన ఒక రోజు మా పిల్లలకు అదే పార్కు అయింది. సిన్సినాటి ప్రత్యేకతైన చిల్లీ, అంటే చిక్కటి కూర వంటిది, స్కైలైన్ హోటళ్లలో మాంసంతో చేసేదే అయినా, నల్ల చిక్కుడు గింజలు, అన్నంతో చేసిన రకం అడిగితే ఇస్తారు. మాకు చప్పగానే అనిపించింది.

కెనీవుడ్ ప్రయాణాన్ని మా అమ్మ తీర్థయాత్ర కిందే లెక్కవేస్తుంది. పిట్స్‌బర్గ్ శివారు పెన్ హిల్స్‌లో 1970ల్లో ప్రతిష్ఠ జరిగిన శ్రీ వేంకటేశ్వర స్వామి ఆలయం పార్కుకు సుమారు అరగంట దూరంలో ఉంది. ఉదయం దర్శనం చేసుకుని, కింది అంతస్తులోని క్యాంటీన్‌లో పులిహోర, పెరుగన్నం తిని, కొన్ని పొట్లాలు కట్టించుకుని బయలుదేరితే ఆ పూట ఎవరికీ ఏ దిగులూ ఉండదు. వారాంతాల్లోనే వంటకాలు ఎక్కువగా ఉంటాయి. ఆలయం దగ్గరి మన్రోవిల్‌లో హోటళ్లు, భారతీయ సరుకుల దుకాణాలు రెండూ ఉన్నందున బసకు అదే సరైన చోటు. 1898 నాటి ఆ పార్కులో పొటాటో ప్యాచ్ వారి లావుపాటి బంగాళాదుంప ముక్కల కోసం జనం రైడ్లకు నిలబడినట్టే వరుసలో నిలబడతారు. పైన చల్లే మాంసం తుంపులు వద్దని మాత్రం గట్టిగా చెప్పాలి.

హెర్షీ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. చాక్లెట్ వరల్డ్‌లోని ప్రదర్శన ఉచితం, హారిస్‌బర్గ్ వైపు దిగితే ధరలు తగ్గుతాయి, అంతే.

అన్నిటిలోకీ నా మనసుకు నచ్చింది కనోబెల్స్. 1926 నుంచి ఒకే కుటుంబం చేతిలో నడుస్తున్న ఆ పార్కులో ప్రవేశానికీ కారు నిలపడానికీ డబ్బు తీసుకోరు, ఎక్కిన రైడుకు మాత్రమే టికెట్ ఇవ్వాలి. బెంచీ మీద కూర్చుని మనవలను చూసే పెద్దవాళ్లకు కూడా టికెట్ కొనాల్సి రావడం మిగతా పార్కుల్లో నాకు ఎప్పుడూ గుచ్చుకునే విషయం. ఇక్కడ ఆ బాధ లేదు. పైగా ఇంటి భోజనం లోపలికి తెచ్చుకోనిస్తారు. చెట్ల నీడన, వాగు పక్కన వేసిన బల్లల మీద మేము అరిటాకులు తప్ప అన్నీ పరుచుకుని తిన్నాము. అక్కడ అమ్మే పిరోగీలు, అంటే బంగాళాదుంప కూరిన పిండివంటకం, అమ్మకు మన కజ్జికాయల్లా కనిపించాయట, కానీ పిండిలో గుడ్డుంటుందని ఆవిడ తినలేదు. చిక్కల్లా బసతోనే. ఎలిస్‌బర్గ్ చిన్న ఊరు కాబట్టి హోటళ్ల కోసం డాన్విల్ లేదా బ్లూమ్స్‌బర్గ్ వరకు వెళ్లాలి. పార్కును ఆనుకుని ఉన్న చెక్క కుటీరాలు కావాలంటే చలికాలంలోనే బుక్ చేసుకోవాలి.

ఇండియానాలోని హాలిడే వరల్డ్‌కు ఒక్కసారే వెళ్లాము. అక్కడ 2000 సంవత్సరం నుంచి శీతల పానీయాలు ఎన్ని తాగినా ఉచితం. శాంటాక్లాజ్ అనే ఆ ఊరు సెంట్రల్ కాలమానంలో ఉంది. అది చూసుకోని మేము గేటు తెరవడానికి గంట ముందే చేరి, కారులో కూర్చుని చల్లటి పులిహోర తిన్నాము.

వచ్చే వేసవికి కనోబెల్స్ కుటీరం దొరకలేదు. డాన్విల్‌లో గది తీసుకున్నాను. పొయ్యి గదిలోనే బిగించి ఉందని, రెండు మంటలవని ఫోన్ చేసి కనుక్కున్నాకే డబ్బు కట్టాను.