‘పైవాళ్లకు చెప్పాను కదా’ అన్న కోచ్ కథ: ‘పటర్నో’ చూశాక

పోయిన శనివారం రాత్రి పిల్లలు పడుకున్నాక నేనూ మా ఆవిడా కూర్చుని ‘పటర్నో’ చూశాం. 2018లో హెచ్‌బీఓ తీసిన టీవీ సినిమా, దర్శకుడు బ్యారీ లెవిన్‌సన్. కోచ్ జో పటర్నోగా అల్ పచీనో వేశాడు. ఆయన ఉన్నాడనే పెట్టుకున్నాం. సినిమా అయ్యేసరికి నా బుర్రలో పచీనో లేడు, తిరుపతిలో మా వాడు పొద్దున్నే ఐదున్నరకు బ్యాగు తగిలించుకుని వెళ్లే గ్రౌండ్ ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కథ తెలియనివాళ్ల కోసం చెప్తా. పటర్నో అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్ కోచ్. అది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు, బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తుతూ ఒకరినొకరు గుద్దుకునే ఆట. 1950లో అక్కడ చేరి, 1966 నుంచి హెడ్ కోచ్‌గా ఉన్నాడు. 2011 అక్టోబర్ 29న 409వ మ్యాచ్ గెలిచాడు, కాలేజీ ఫుట్‌బాల్ పై స్థాయిలో అప్పటిదాకా ఏ కోచ్ కూడా అన్ని గెలవలేదు. సరిగ్గా వారానికి, నవంబర్ 5న, ఆయన దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన అసిస్టెంట్ కోచ్ జెర్రీ శాండస్కీని పోలీసులు అరెస్టు చేశారు. కష్టాల్లో ఉన్న పిల్లల కోసమని 1977లో ఒక సేవాసంస్థ పెట్టి, అక్కడికి వచ్చిన మగపిల్లల మీదే ఏళ్ల తరబడి లైంగిక దాడులు చేసిన మనిషి. నవంబర్ 9 రాత్రి పటర్నోను ఫోన్‌లోనే ఉద్యోగంలోంచి తీసేశారు. 2012 జనవరి 22న, 85 ఏళ్ల వయసులో, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయాడు. శాండస్కీకి అదే ఏడాది అక్టోబర్‌లో 30 నుంచి 60 ఏళ్ల జైలు పడింది.

సినిమా ఎక్కువగా ఆ నవంబర్ రోజుల చుట్టూనే తిరుగుతుంది. ఎంఆర్ఐ మిషన్‌లో పడుకున్న ముసలాయనకు అన్నీ ముక్కలు ముక్కలుగా గుర్తొస్తుంటాయి. మొదటి పావుగంట ఎవరు ఎవరో అర్థం కాదు, యూనివర్సిటీ పెద్దల పేర్లు వరసగా వచ్చిపడతాయి, మేం చూసినప్పుడు తెలుగు ఆడియో కూడా లేదు, మధ్యలో రెండుసార్లు ఆపి మా ఆవిడకు చెప్పాల్సి వచ్చింది. ఓపిక పట్టండి, తర్వాత కుదురుకుంటుంది.

నన్ను కుదిపేసింది ఆయన ఇల్లు. హాల్లో కొడుకులు, కూతురు, భార్య, బయట కెమెరాలు. కేసు వివరాలున్న కాగితాలు టేబుల్ మీద ఉంటాయి, చదువు నాన్నా అని పిల్లలు బతిమాలుతుంటారు, ఈయనేమో శనివారం మ్యాచ్ ఉంది నన్ను పని చేసుకోనివ్వండి అంటాడు. పచీనో ఇక్కడ అరవడు, డైలాగులు దంచడు. లావు కళ్లద్దాల వెనక చూపు ఎక్కడో ఉంటుంది. తెలిసీ తెలియనట్టు ఉన్నాడా, నిజంగానే పట్టించుకోలేదా, మనకు కచ్చితంగా చెప్పడు. మన ఇళ్లల్లో కూడా ఇలాంటి పెద్దాయనలు ఉంటారు, వినకూడని మాట వస్తే టీవీ సౌండ్ పెంచుకునేవాళ్లు.

అసలు జరిగింది ఏమిటంటే, 2001లో ఒక యువ కోచ్ రాత్రిపూట లాకర్ రూమ్ షవర్లో శాండస్కీని ఒక పిల్లవాడితో చూసి, మర్నాడు పొద్దున్నే వచ్చి పటర్నోకు చెప్పాడు. పటర్నో తన పైన ఉన్న క్రీడల డైరెక్టర్‌కు చెప్పాడు. పైవాళ్ల వీకెండ్ పాడుచెయ్యడం ఇష్టం లేక వెంటనే చెప్పలేదని పటర్నోనే గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలా వద్దా తేల్చే పౌరుల బృందం) ముందు ఒప్పుకున్నాడు. పోలీసులకు మాత్రం ఎవరూ చెప్పలేదు. పదేళ్లు గడిచాయి. అప్పటి ఆ రాష్ట్ర చట్టం ప్రకారం పైవాళ్లకు చెబితే చాలు కాబట్టి ఆయన మీద కేసు కూడా పెట్టలేదు. ఆ చట్టాన్ని 2014లో మార్చారు.

మన దగ్గర అలా కుదరదు, ఇది చాలామంది తల్లిదండ్రులకే తెలియదు. 2012 నుంచి ఉన్న పోక్సో చట్టంలో, పిల్లల మీద ఇలాంటిది జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాడి తప్పును దాచిన సంస్థ పెద్దకైతే ఏడాది దాకా. ప్రిన్సిపాల్‌కు చెప్పాం, సెక్రటరీకి చెప్పాం అంటే సరిపోదు.

ఇక నాకు కోపం తెప్పించిన విషయం. గంటా నలభై నిమిషాల పైన ఉన్న సినిమాలో ఆ పిల్లలు ఎంతసేపు కనిపించారు? ధైర్యం చేసి ముందుకొచ్చిన ఒక అబ్బాయి, వాళ్లమ్మ, కొన్ని సీన్లు. అంతే. ఆ వార్తను మొదట బయటపెట్టిన సారా గానిమ్ అనే 24 ఏళ్ల రిపోర్టర్ (రైలీ కియో బాగా చేసింది) వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడల్లా సినిమాకు ఊపిరి వస్తుంది, మళ్లీ కెమెరా తిరిగి కోచ్ ఇంటికే పోతుంది. కోచ్‌ను తీసేశారని వేలమంది స్టూడెంట్స్ రోడ్డెక్కి టీవీ చానెల్ వ్యాన్‌ను బోర్లా పడేసిన రాత్రి నిజంగా జరిగింది, సినిమాలో అది చూస్తుంటే ఒళ్లు మండిపోయింది. ఆ పిల్లల కోసం ఒక్క రాయి విసరలేదు, కోచ్ ఉద్యోగం కోసం ఊరు తగలబెట్టేలా ఉన్నారు. సినిమా దాన్ని తప్పుగానే చూపించింది, కానీ తను కూడా ఎక్కువసేపు కోచ్ మొహమే చూస్తూ కూర్చుంది. ఇది వచ్చింది 2018 ఏప్రిల్‌లో. అదే ఏడాది జనవరిలో, వైద్యం పేరుతో అమ్మాయిల మీద లైంగిక దాడులు చేసిన అమెరికా జిమ్నాస్టిక్స్ డాక్టర్ లారీ నాసర్‌కు శిక్ష వేసేముందు 150 మందికి పైగా అమ్మాయిలు, ఆడవాళ్లు కోర్టులో నిలబడి అతని ఎదుటే మాట్లాడారు. ఆ గొంతులు విన్నాక ఈ సినిమా చూస్తే లోటు ఇంకా తెలుస్తుంది.

చివర్లో సారాకు ఒక ఫోన్ వస్తుంది. అందులో ఏముందో ఇక్కడ రాయను. ఆ ఒక్క నిమిషానికి మాత్రం చేతులెత్తి దండం పెట్టాలి, అప్పటిదాకా ముసలాయన మీద మనకు కాస్త జాలి ఉంటే అక్కడ ఏమవుతుందో మీరే చూడండి.

మా సంగతి కూడా చెప్పాలి. పోయిన ఏడాది ఇక్కడే ఒక అకాడమీలో, పేరు వద్దు, పిల్లలను బయటి ఊరి టోర్నమెంట్‌కు తీసుకెళ్తున్నారు. మీటింగ్‌లో ఒకమ్మ లేచి, రాత్రి ఏ రూములో ఎవరు పడుకుంటారు, పెద్దవాళ్లు ఎవరెవరు వస్తున్నారు అని అడిగింది. అంతే, అందరూ ఆమె మీద పడ్డారు. “సార్ దేవుడు లాంటోడమ్మా, ఆ మాట అడగొచ్చా?” అని ఒకాయన. “సెలక్షన్స్ ముందర మన పిల్లోళ్ల పేర్లు పోతాయప్పా” అని నా పక్కన కూర్చున్నాయన నా చెవిలో. నేను తల ఊపాను. ఆ సార్ మీద నాకు ఏ అనుమానమూ లేదు, ఇప్పుడూ లేదు. కానీ ఆమె అడిగింది సార్ గురించి కాదు, పిల్లల గురించి. ఆ తేడా నాకు ఆ రోజు తెలియలేదు. ఆమె కొడుకును తర్వాత నెలలోనే మాన్పించేసింది. సినిమాలో ఆ అబ్బాయి తల్లిని చూస్తున్నంతసేపూ ఈమె ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి నిలబడిన తీరే నా కళ్ల ముందు ఉంది.

చూడాలా వద్దా అంటే, పిల్లలను ఏ ఆటకైనా పంపే ప్రతి తల్లీ తండ్రీ చూడాలి. కోచ్‌లు, పీఈటీ సార్లు ఇంకా ముందు చూడాలి. ఐదుకు మూడున్నర ఇస్తాను, ఆ ఒకటిన్నర కోసింది పిల్లలకు చోటు ఇవ్వనందుకు. దాడుల సీన్లు చూపించరు గానీ మాటల్లో వివరాలు వస్తాయి, కాబట్టి ఇంట్లో చిన్నవాళ్లు పడుకున్నాకే పెట్టుకోండి. పిల్లల కోసం హెల్ప్‌లైన్ 1098, ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి.

ఆదివారం పొద్దున ఆమె నంబర్ కనుక్కుని ఫోన్ చేశాను. ఆ రోజు నేను మాట్లాడాల్సింది అమ్మా, మాట్లాడలేదు అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత “మీవాడు ఇంకా పోతున్నాడా అన్నా?” అని అడిగింది. పోతున్నాడు అన్నాను. వచ్చే నెల మళ్లీ బయటి ఊరికి తీసుకెళ్తున్నారు. రూముల లిస్టు, వెంట వచ్చే పెద్దవాళ్ల పేర్లు కాగితం మీద రాసిమ్మని ఈసారి నేనే అడుగుతున్నాను.